గంజాం తీరంలో ఇంటితోటకు చెట్ల దడి కట్టుకోవడం ఎలా

బాహుదా నది సముద్రంలో కలిసే సోనాపురం నుంచి రామాయపట్నం, గోపాలపూర్, అర్జిపల్లి మీదుగా ఋషికుల్యా ముఖద్వారం దాకా సాగే, ఒడిశాలోని గంజాం జిల్లా తీరంలో తెలుగు మాట్లాడే పల్లెలు చాలా ఉన్నాయి. ఈ పల్లెల్లో కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు తోట వేయాలనుకోగానే బరంపురం నర్సరీకి వెళ్లి కొబ్బరి మొక్కలు, మామిడి అంట్లు, సపోటాలు కొనుక్కొచ్చి సముద్రం వైపు ఖాళీగా ఉన్న ఇసుకలో నాటేస్తారు. మొదటి వానాకాలంలో అవి చక్కగా చిగురిస్తాయి. ఆపై వేసవిలో ఉప్పుగాలి తగిలి ఆకుల అంచులు మాడతాయి, మొదళ్ల దగ్గర ఇసుక కొట్టుకుపోయి వేళ్లు బయటపడతాయి, మూడో ఏటికి సగం మొక్కలు మిగలవు. నేల మంచిది కాదని ఆ ఇంటివారు నిరాశపడతారు గాని, నిజానికి లోపం నాటిన వరుసక్రమంలో ఉంది. తీరంలో మనం ఇష్టపడి పెంచుకోవాలనుకునే చెట్టును చివర నాటాలి. దానికి గాలి తగలకుండా కాచే మొక్కలను రెండేళ్లు ముందుగా నాటాలి. ఆ కాపుదడిని ఎలా కట్టుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా మీ స్థలంలో గాలి ఏ దిక్కునుంచి వస్తుందో గమనించాలి. గంజాం తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది కనుక సముద్రం మనకు ఆగ్నేయంగా ఉంటుంది. వేసవిలోను, వానాకాలంలోను ఎక్కువగా వీచేది దక్షిణపు గాలి, నైరుతి గాలి. అది తీరం పొడవునా ఇసుకను, ఉప్పు తుంపరను మోసుకొస్తుంది. అందువల్ల సముద్రానికి ఎదురుగా మాత్రమే దడి కట్టి ఊరుకుంటే పక్కనుంచి గాలి లోపలికి దూరుతుంది. దడిని నైరుతి మూల దగ్గర మలిచి పడమటి హద్దు వెంట కొంత దూరమైనా తీసుకెళ్లాలి. తుఫాను గాలి తీరు వేరు. 1999 అక్టోబరు 17న వచ్చిన తుఫాను, 2013 అక్టోబరు 12న వచ్చిన ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ మనకు దక్షిణంగా పలాస దగ్గర దాటింది. ఇలాంటి తుఫానుల్లో గాలి మొదట ఉత్తర, ఈశాన్య దిక్కుల నుంచి మొదలై, తుఫాను కన్ను మన ఊరికి ఏ పక్కగా దాటిందో దాన్నిబట్టి తూర్పుకో పడమరకో తిరుగుతుంది. కాబట్టి స్థలం ఉన్నవారు ఈశాన్యపు మూలను కూడా వదిలిపెట్టకూడదు.

డబ్బున్నవారు చెట్ల దడి ఎందుకు, ఎత్తయిన గోడ కడితే సరిపోదా అని అడుగుతారు. గోడకు తగిలిన గాలి పైకెగసి, గోడ వెనక సుడి తిరుగుతూ మళ్లీ కిందికి పడుతుంది. ఆ సుడిలో లేత మొక్కలు మరింత నలుగుతాయి. ఆకుల సందుల్లోంచి దాదాపు సగం గాలిని వదిలి మిగతా సగాన్ని ఆపే దడి అయితే, తన ఎత్తుకు పది రెట్ల దూరం వరకు గాలి వేగాన్ని తగ్గిస్తుంది. అంటే మూడు మీటర్ల మొగలిదడి తన వెనక ముప్పై మీటర్ల మేర తోటను కాస్తుంది.

తరువాత చూసుకోవలసింది నీరు. తీరపు ఇసుక కింద వాననీరు ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరగా నిలిచి ఉంటుంది. ఉప్పునీటికన్నా మంచినీరు తేలిక కావడమే ఇందుకు కారణం. లోతుగా బోరు దించి మోటారుతో గంటలకొద్దీ తోడితే ఆ పొర తరిగిపోయి కింది ఉప్పునీరు పైకి వస్తుంది, ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తేరుకోవడానికి వానాకాలాలు పడుతుంది. అందుకే తోటకు లోతు తక్కువగా ఉండి వరలు దించిన బావి మేలు. ఉదయం కొంత, సాయంత్రం కొంత తోడుకోవాలి. నాటబోయే చోట వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో చేయి మోచేతిదాకా దిగేలా ఇసుక తవ్వి చూడండి. పైన వేలి మందం పొర కాలిపోతూ ఉంటుంది, దాని కింద పొడి ఇసుక జారిపోతూ ఉంటుంది, ఇంకా కిందికి వెళ్లేసరికి ఇసుక పిడికిట్లో ముద్దగా నిలిచి చల్లగా తగులుతుంది. ఆ చెమ్మ ఎంత లోతున దొరికితే మొక్క వేరు మొదటి ఏడాది అంత లోతుకు చేరాలి. గోతుల లోతు దీన్నిబట్టి నిర్ణయించుకోవాలి గాని అన్నిచోట్లా ఒకే కొలత పనికిరాదు.

నాటడానికి కాలం ఇక్కడి పండుగలే చెబుతాయి. జూన్ నడుమ వచ్చే రజో పండుగ మూడు రోజులూ భూమిని దున్నకూడదు, తవ్వకూడదు అన్నది ఒడియావారి ఆచారం, మన పల్లెల్లో కూడా చాలామంది దాన్ని పాటిస్తారు. గోతులు రజోకు ముందే తవ్వి ఎండనివ్వాలి. తొలి వానలు పడి ఇసుకలోని ఉప్పు కిందికి కడిగి పోయాక, రథయాత్ర సమయం నుంచి శ్రావణం చివరిదాకా నాటుకోవచ్చు. అలా నాటిన మొక్కకు అక్టోబరు గాలులు వచ్చేలోగా వేళ్లు పట్టడానికి తగినంత వ్యవధి దొరుకుతుంది. కార్తీకంలో నాటితే ఆ వ్యవధి ఉండదు, నీళ్లు మోయలేక మనమూ అలసిపోతాం.

మీ హద్దుకు ముందు ఇసుకదిబ్బ ఉంటే దాన్ని చదును చేయవద్దు. దాని మీద సహజంగా పాకే రెండు మొక్కలను కాపాడుకుంటే చాలు. ఒకటి మేక గిట్టలా చీలిన ఆకులు, ఊదారంగు పువ్వులు ఉండే తీగ. దీన్ని బాలబంద అంటారు. రెండోది రావణాసురుడి మీసాలు అని పిలిచే ముళ్లగడ్డి. దాని ఎండిన బంతులు గాలికి తీరమంతా దొర్లుతుంటే పిల్లలు వెంటపడతారు. ఈ రెండూ కణుపు కణుపుకూ వేళ్లు దించి ఇసుకను పట్టి ఉంచుతాయి. దిబ్బ మీద ఖాళీ కనబడితే వాన రోజుల్లో బాలబంద తీగను మూరెడు ముక్కలుగా కోసి, రెండు కణుపులు ఇసుకలోకి పోయేలా అడ్డంగా పూడ్చండి. అయితే సముద్రపు ఒడ్డు ప్రభుత్వ భూమి, అక్కడ ఏది నాటాలన్నా అటవీశాఖను అడగాలి. ముఖ్యంగా ఋషికుల్యా ముఖద్వారం దగ్గర పూరుణబంధ, గోఖరకుడ, పొడంపేట చుట్టుపక్కల ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలాదిగా వచ్చి గుడ్లు పెట్టే ఒడ్డు ఉంది. వాటికి బోసి ఇసుక కావాలి. మనం నాటే పొదలు ఆ ఇసుకలోకి చొరబడకూడదు.

ఇక దడికి ప్రాణం మొగలి. గంజాం జిల్లాకు పేరు తెచ్చిన మొక్క ఇదే. ఛత్రపురం, రంగేయిలుండ, చికిటి ప్రాంతాల్లో పొలం గట్ల మీద, వాగుల వెంట పెరిగే పొదల నుంచే దేశంలో మొగలిపువ్వు నుంచి తయారయ్యే కేవ్రా నీటిలోను, అత్తరులోను అత్యధిక భాగం వస్తుంది, ఇక్కడి కేవ్రాకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. శివపూజకు పనికిరాని పువ్వు అని పెద్దలు చెప్పినా, జడలో మొగలిరేకు పెట్టుకోని ఆడపిల్ల మన పల్లెల్లో లేదు. దడిగా దీనికి సాటి వచ్చేది మరొకటి లేదని నా గట్టి నమ్మకం. ఆకు మీది మైనపు పొర వల్ల ఉప్పు అంటదు. ఆకు రెండంచుల మీదా, అడుగున నడి ఈనె మీదా మూడు వరుసల ముళ్లుంటాయి కనుక పశువులు దరిచేరవు. కాండం నుంచి నేలకు దిగే ఊడలు గాలికి ఎదురు ఊతాలుగా నిలుస్తాయి.

మొగలిలో ఆడపొద, మగపొద వేరువేరుగా ఉంటాయి. వాసన ఇచ్చే పువ్వు మగపొదదే. ఆడపొదకు అనాసకాయను పోలిన కాయ కాస్తుంది. గింజనుంచి పెంచితే ఏది వస్తుందో పూసేదాకా తెలియదు కనుక పిలకలతోనో కొమ్మలతోనో పెంచాలి. పువ్వు అమ్ముకోవాలన్నా, ఇంటి ముందు పరిమళం కావాలన్నా, ముందు ఏటి వానాకాలంలో పూస్తున్న మగపొదలను చూసుకుని, ఆ యజమానిని అడిగి, కొమ్మకు గుడ్డపీలిక కట్టి గుర్తు పెట్టుకోండి. మగపొద నుంచి తీసిన పిలక మగదే అవుతుంది.

మరుసటి ఏడు నాట్ల సమయానికి గుర్తు పెట్టిన పొద దగ్గరికి గోనెసంచి, పదునైన కత్తి, మందపాటి చేతితొడుగులు పట్టుకుని వెళ్లాలి. మణికట్టు లావున్న కొమ్మను ఎంచుకోండి. దాని అడుగుభాగంలో ఊడల మొనలు బొడిపెలుగా బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది త్వరగా వేరు పడుతుంది. మూరన్నర పొడవున ఒకే దెబ్బకు తెగేలా కోయాలి, నలిగితే కుళ్లు పడుతుంది. కింది ఆకులన్నీ తీసేసి, మొవ్వు చుట్టూ నాలుగైదు ఆకులు మాత్రం ఉంచి, వాటిని కూడా సగానికి కత్తిరించండి. ఆకు ఎక్కువైతే వేరు లేని కొమ్మ నీటిని పోగొట్టుకుని వాడిపోతుంది. కోసిన వెంటనే నాటకుండా నీడలో మూడు నాలుగు రోజులు నిలబెట్టి ఉంచితే కోత ఆరి పొర కడుతుంది. ఆపై రెండు అడుగుల గోతిలో ఒక గంప చెరువు మట్టి, ఒక గంప చివికిన పశువుల ఎరువు ఇసుకతో కలిపి వేసి, కొమ్మను మూడో వంతు పాతి, చుట్టూ కాలితో గట్టిగా తొక్కాలి. గాలికి మొదలు కదిలితే కొత్త వేరు తెగిపోతుంది. కనుక గాలి వచ్చే వైపు ఒక వెదురు గూటం పాతి కొబ్బరి తాడుతో కట్టండి.

ఒంటి వరుస వేస్తే మొక్కకూ మొక్కకూ మీటరున్నర దూరం చాలు. రెండు వరుసలకు చోటుంటే రెండు మీటర్ల దూరంలో, ముందు వరుసలోని సందుకు ఎదురుగా వెనక వరుస మొక్క వచ్చేలా నాటండి. మూడు నాలుగేళ్లకు పూత మొదలవుతుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకు వచ్చే పూతే ప్రధానమైనది. పువ్వు విచ్చిన రోజు తెల్లవారకముందే కోయాలి, పొద్దెక్కేకొద్దీ పరిమళం పోతుంది. అందుకే కేవ్రా బట్టీలవారు పొద్దు పొడవకముందే పల్లెలకు వచ్చి కొనుక్కుపోయి ఆ పూటే డేగ్‌లు అనే పెద్ద రాగి పాత్రల్లో కాగబెడతారు. మొగలిపొదలో పాములు చేరతాయన్న భయం చాలామందికి ఉంది. వాసనకు పాము రాదు. కింద ఎండిన ఆకు గుట్టగా పడి ఎలుకలు చేరితే వాటికోసం వస్తుంది. కనుక దడిని ఇంటి గుమ్మానికి కనీసం పది మీటర్ల దూరంలో ఉంచి, ఏటా మాఘంలో పొడుగాటి కొక్కెంతో ఎండాకు లాగి కింద శుభ్రం చేయాలి.

మొగలి వెనక ఎత్తయిన చెట్ల వరుస రావాలి. దీనికి నా మొదటి ఎంపిక పొన్న. ఉప్పుగాలిలో నిలుస్తుంది, గట్టి కొయ్య, ఏడాది పొడవునా నిగనిగలాడే ఆకు. పూర్వం దాని గింజల నూనెను దీపాలకు, పడవలకు వాడేవారు. గింజను పెంకుతో నాటితే మొలవడానికి రెండు నెలల దాకా పడుతుంది. పప్పు నలగకుండా పెంకును జాగ్రత్తగా పగలగొట్టి తీసి నాటితే మూడు నాలుగు వారాల్లో మొలుస్తుంది. అడుగు ఎత్తు ఎదిగాక నాలుగు మీటర్లకొకటి చొప్పున నాటాలి. పొన్న నెమ్మదిగా పెరుగుతుంది కనుక నడుమ గంగరావి కొమ్మలు పాతితే ఆ లోటు తీరుతుంది. చేయి లావున్న కొమ్మను నిలువెత్తున కోసి వానల్లో పాతితే చాలు, అది వేరు పట్టి రెండేళ్లలో గొడుగు పడుతుంది. కానుగ గింజలను ఒక రాత్రి నానబెట్టి నేరుగా గోతిలోనే వేసుకోవచ్చు. మేకలు తిరిగే చోట వావిలి కొమ్మలను దగ్గరదగ్గరగా నాటండి, ఆ ఆకును మేకలు ముట్టవు.

సరుగుడు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తీరమంటే సరుగుడు తోటే అన్న అభిప్రాయం బలంగా ఉంది. అది త్వరగా పెరుగుతుంది. వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి, పుల్ల అమ్మితే డబ్బు వస్తుంది. అయినా ఇంటి కాపుకు దాని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. భూగర్భ జలం పైపైనే ఉన్న ఇసుకలో దాని వేరు లోతుకు దిగదు. ఫైలిన్ రాత్రి గోపాలపూర్ చుట్టుపక్కల సరుగుడు తోటలు వరుసలకు వరుసలు కూలాయి. కింద రాలిన పుల్లాకు మందంగా పరుచుకుని మరో మొక్కను మొలవనివ్వదు కనుక చెట్టు కూలిన చోట నేల బోసిగా మిగులుతుంది. వేయదలిస్తే పొన్నలు ఎదిగేదాకా తాత్కాలికపు కాపుగా ఒక వరుస వేసి, ఐదారేళ్లకు కొట్టి అమ్ముకోండి. ఇంటి కప్పు మీద పడే దూరంలో మాత్రం వేయకండి.

తాటిని ప్రతి హద్దులోనూ వేయమని కోరుతున్నాను. తాటిచెట్టు నీడ ఇవ్వదు, కాపుకు పదిహేనేళ్ల పైన ఆగాలి, అందుకే ఈనాడు ఎవరూ నాటడం లేదు. కాని తుఫాను తెల్లవారాక నిటారుగా నిలిచి ఉండేవాటిలో అదే ముందుంటుంది. భాద్రపదంలో రాలిన తాటిపళ్ల టెంకలను హద్దు వెంట మూడు మీటర్లకొకటి చొప్పున, అక్కడే శాశ్వతంగా ఉండేలా, జానెడు లోతున పాతండి. తాటి మొలక ముందు కిందికి దిగి తరువాతే ఆకు వేస్తుంది కనుక పెకలించి మరోచోట నాటితే బతకదు. సంక్రాంతికి తేగల కోసం పిల్లలు తవ్వేయకుండా, తేగలకు వేరే పాతర వేసి, హద్దు వెంట పాతినవాటికి గుర్తు పుల్లలు గుచ్చండి.

దడి నడుము ఎత్తు దాటాక, అంటే సాధారణంగా మూడో వానాకాలానికి, లోపలి చెట్ల వంతు వస్తుంది. కొబ్బరికి ఏడున్నర మీటర్ల దూరంలో, మీటరు పొడవు, వెడల్పు, లోతుతో గోతులు తీసి, అడుగున కొబ్బరి డొక్కలను లోపలి గుంటభాగం పైకి ఉండేలా రెండు వరుసలు పేర్చి, ప్రతి వరుస మీదా చెరువు మట్టి చల్లాలి. ఆ డొక్కలు వాననీటిని పట్టి ఉంచి వేసవిలో వేరుకు అందిస్తాయి. తొమ్మిది నెలల నుంచి ఏడాది వయసున్న, మొదలు లావుగా ఉన్న మొక్కను ఎంచుకోండి. మొవ్వు దగ్గరి ఆకుల మొదళ్లలో ఇసుక కలిపిన వేపపిండి వేస్తుంటే కొమ్ము పురుగు తగ్గుతుంది. జీడిమామిడి అంట్లను కనీసం ఏడు మీటర్ల దూరంలో నాటి, నీరు నిలిచే పల్లాన్ని తప్పించండి. సపోటా, మునగ, కరివేపాకు పొన్న వరుసకు వెనక హాయిగా పెరుగుతాయి. మామిడిని ఇంటికి అవతలి వైపు, సముద్రానికి వీలైనంత దూరంగా వేయాలి.

మొదటి రెండు వేసవుల్లో ప్రతి మొక్క పక్కనా అడుగున చిన్న బెజ్జం పెట్టి గుడ్డ వత్తి దోపిన కుండను మెడదాకా పాతి, మూడు రోజులకొకసారి నింపి మూత పెడితే సరిపోతుంది. ఇసుక మీద పోసిన బిందెడు నీటికంటే ఆ కుండెడు నీరు ఎక్కువ పని చేస్తుంది. మొదళ్ల చుట్టూ ఎండాకు, కొబ్బరి పీచు కప్పండి. చేపల వ్యర్థం మన పల్లెల్లో తేలికగా దొరికే మంచి ఎరువు, దాన్ని మొదలుకు రెండు అడుగుల దూరంలో, కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చాలి. ఎండుచేపల కళ్లాల దగ్గర ఊడ్చిన చెత్తలో ఉప్పు ఉంటుంది, దాన్ని తోటలోకి తేవద్దు.

తుఫాను వెలిసిన మర్నాడు చేయవలసిన మొదటి పని, బావినీరు రుచి చూసి ఉప్పెక్కలేదని నిర్ధారించుకుని, లేత మొక్కల ఆకులను మంచినీటితో కడగడం. ఆ తరువాతి వారంలో దడి మొత్తం కాలిపోయినట్టు గోధుమరంగుకు తిరుగుతుంది. దాన్ని చూసి కొట్టేయకండి. పొన్న, గంగరావి, మొగలి చాలావరకు నెలా రెండు నెలల్లో మళ్లీ చిగురిస్తాయి. చిగురు ఎక్కడ వచ్చిందో చూశాకే దాని పైభాగాన్ని కోయాలి. ఒరిగిన లేత కొబ్బరిని వేళ్లు ఎండకముందే, రెండు మూడు రోజుల్లోనే నిలబెట్టి, మట్టి ఎగదోసి, మూడు వైపుల నుంచి గూటాలు కట్టాలి. విరిగిన మొగలి కొమ్మలను పారేయకుండా, పైన చెప్పిన విధంగానే ఆకు తగ్గించి నీడలో ఆరబెట్టి, ఈశాన్య గాలుల వానలు ఇంకా మిగిలి ఉండగానే దడిలో పడిన సందుల్లో పాతుకోండి. పెద్ద సందు పడితే ఆ ఒక్కచోటి నుంచి గాలి మరింత వేగంగా దూసుకొస్తుంది. కనుక కొమ్మలు వేరు పట్టేదాకా అక్కడ తాటాకుల తడిక ఒకటి కట్టి ఉంచాలి.